చలాన్ చిన్నదే.. తప్పించుకునే దారే ఖరీదు

“మామా, చలాన్ల మీద మళ్లీ డిస్కౌంట్ ఎప్పుడిస్తారంటావ్?” హైదరాబాద్ చుట్టుపక్కల ఏ కాలేజీ పార్కింగ్‌లో నిలబడినా ఈ ప్రశ్న ఏదో ఒక మూల నుంచి వినిపిస్తుంది. ఫోన్ తీసి బండి నంబరు కొడితే పెండింగ్ లిస్టు వస్తుంది. హెల్మెట్ లేదని ఒకటి, రాంగ్ రూట్ అని ఒకటి, మధ్యలో 1,035 రూపాయల ఓవర్ స్పీడ్ చలాన్ ఒకటి. చూసి, నవ్వుకుని, ఫోన్ జేబులో పెట్టేసుకునేవాళ్లే ఎక్కువ. కట్టకపోతే ఏమవుతుందిలే అన్నది ధీమా.

ఆ ధీమా ఊరికే రాలేదు. మన వ్యవస్థే దాన్ని నేర్పింది. కానీ ఉద్యోగం వెతుక్కునే వయసులో ఉన్నవాళ్లకు ఈ ఆట చాలా ఖరీదైనది. వెయ్యి రూపాయల చలాన్ ఎవరి భవిష్యత్తునూ పాడు చేయదు. దాని నుంచి తప్పించుకోవడానికి ఎంచుకునే దారులు మాత్రం పాడు చేయగలవు. అసలు ఈ చలాన్ ఎలా పుడుతుంది, ఎక్కడ విఫలమవుతోంది, మనకు ఎక్కడ తగులుతుంది.. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎంత దాటితే తప్పు?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణల్లో జరిమానాలకు సంబంధించినవి ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సెక్షన్ 183 ప్రకారం అతివేగానికి లైట్ మోటార్ వాహనాలకు 1,000 నుంచి 2,000 రూపాయలు, మధ్యస్థ, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయల జరిమానా. రెండోసారి దొరికితే డ్రైవర్ లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే కట్టి తేల్చుకునే మొత్తాన్ని సెక్షన్ 200 కింద రాష్ట్రాలు నిర్ణయిస్తాయి. అందుకే ఒకే తప్పుకు రాష్ట్రానికో రేటు కనిపిస్తుంది. పెంచిన జరిమానాలను తెలంగాణ అప్పట్లో అమలు చేయలేదు. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో కొత్త పట్టికతో ఉత్తర్వులిచ్చింది. హైదరాబాద్‌లో మనం చూసే 1,035లో జరిమానా 1,000, యూజర్ ఛార్జీ 35.

ఇక పరిమితుల సంగతి. 2023లో జీహెచ్‌ఎంసీ పరిధికి ఖరారు చేసిన లెక్క ఇదీ: డివైడర్ ఉన్న రోడ్డుపై కార్లకు గంటకు 60 కిలోమీటర్లు, డివైడర్ లేకుంటే 50. బైకులు, ఆటోలు, బస్సులు, లారీలకు డివైడర్ ఉంటే 50, లేకుంటే 40. కాలనీ రోడ్లలో ఎవరికైనా 30. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. పక్కన కారు 60లో పోతోంది కాబట్టి మనమూ పోవచ్చు అనుకుంటారు. అదే రోడ్డు మీద, అదే వేగంలో కారుది తప్పు కాదు, మీ బైకుది తప్పు.

పరిమితి రోడ్డును బట్టి కూడా మారుతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుపై 100గా ఉన్న గరిష్ఠ వేగాన్ని 2023లో 120కి పెంచారు. అక్కడ కూడా లేన్‌ను బట్టి తేడా ఉంటుంది. డివైడర్ పక్కనున్న రెండు లేన్లలో 100 నుంచి 120, మిగతా రెండింటిలో 80 నుంచి 100. టూవీలర్లకైతే ఔటర్ ప్రధాన రహదారి మీదకు ప్రవేశమే లేదు. కాబట్టి ‘లిమిట్ ఎంత?’ అన్న ప్రశ్నకు ఊరంతటికీ ఒకే జవాబు ఉండదు. బోర్డు చూడాల్సిందే.

గన్‌కు కనిపించేది, కనిపించనిది

లేజర్ స్పీడ్ గన్ పని చేసే తీరు ఇంటర్ ఫిజిక్స్ దాటదు. గన్ నుంచి ఇన్‌ఫ్రారెడ్ పల్స్‌లు వరసగా వెళ్లి, బండికి తగిలి తిరిగొస్తాయి. వెళ్లి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఒక్కో పల్స్‌కూ ఆ దూరం ఎంత తగ్గిందో లెక్కేస్తే వేగం వచ్చేస్తుంది. సెకను పూర్తి కాకముందే అంతా అయిపోతుంది. రాడార్ గన్ అయితే డాప్లర్ ఎఫెక్ట్ మీద నడుస్తుంది.

“గన్ పక్కకు నిలబెట్టి కొట్టారు, అందుకే ఎక్కువ చూపించింది” అని వాదించేవాళ్లున్నారు. లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. గన్ ఒకచోట కదలకుండా ఉండి, బండి వచ్చే దారికి కోణంలో ఉంటే, అసలు వేగాన్ని ఆ కోణపు కొసైన్‌తో గుణించినంతే చూపిస్తుంది. అంటే తక్కువే. కోణం వల్ల వచ్చే తేడా బండి నడిపేవాడికే లాభం. స్పీడోమీటర్ విషయమూ దాదాపు అంతే. నిజమైన వేగం కంటే తక్కువ చూపకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. అందుకే కంపెనీలు కాస్త ఎక్కువ చూపేలా సెట్ చేస్తాయి. ఫోన్ జీపీఎస్‌లో 57 ఉన్నప్పుడు మీటర్‌లో 60 కనిపించడానికి కారణం అదే. అయితే కంపెనీ ఇచ్చిన సైజు తీసేసి పెద్ద టైరు వేయిస్తే ఈ లెక్క తప్పుతుంది. మీటర్ 50 అన్నప్పుడు బండి అంతకంటే ఎక్కువలో ఉండొచ్చు.

ఇంత కచ్చితమైన గన్‌కు కనిపించనిది ఒకటుంది. బండి మీద ఎవరున్నారన్నది. దానికి తెలిసింది నంబరు ప్లేటే. ప్లేటు ఎవరి పేరున ఉందో చలాన్ వాళ్లకు పోతుంది. స్టూడెంట్ల బళ్లు చాలావరకు నాన్న పేరునో, బాబాయ్ పేరునో ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొని పేరు మార్చుకోకపోతే, ఎప్పుడో అమ్మేసిన పాత ఓనరు ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది. వేగంగా పోయిందొకరు, మెసేజ్ చదివేదింకొకరు. తప్పు చేసినవాడికి తగలని శిక్ష ఎంతని మారుస్తుంది?

దీనికి మార్గం చట్టంలో లేకపోలేదు. సెక్షన్ 133 ప్రకారం ఆ సమయంలో బండి నడిపిందెవరో పోలీసులు అడిగితే యజమాని చెప్పాలి. బ్రిటన్‌లో వ్యవస్థ మొత్తం ఈ పద్ధతి మీదే నడుస్తుంది. కెమెరాకు చిక్కిన కారు యజమానికి 14 రోజుల్లో నోటీసు వస్తుంది. నడిపిందెవరో అతను రాసి పంపాలి. పాయింట్లు నడిపినవాళ్ల లైసెన్సు మీద పడతాయి. లైసెన్సు వచ్చిన మొదటి రెండేళ్లలో ఆరు పాయింట్లు పడితే అది రద్దవుతుంది. ఎంఎస్ కోసం అక్కడికి వెళ్లే మనవాళ్లు ఇది గుర్తుంచుకోవడం మంచిది. అక్కడ డిస్కౌంట్ కోసం ఎదురు చూస్తూ కూర్చోవడం కుదరదు.

డిస్కౌంట్ నేర్పిన పాఠం

తెలంగాణలో పాయింట్ల ప్రయోగం జరిగింది. 2017 ఆగస్టు 1న మొదలుపెట్టారు. 24 నెలల్లో 12 పాయింట్లు చేరితే లైసెన్సు ఏడాది సస్పెండ్ అన్నది రూలు. ఆలోచన బాగుంది. డబ్బున్నవాడికీ లేనివాడికీ లైసెన్సు ఒక్కటే కదా. కానీ రోజువారీ తనిఖీల్లో ఆ పాయింట్ల ఊసు నిలబడలేదు. మిగిలింది చలానే.

ఆ చలాన్లేమో కుప్పలుగా పేరుకుపోయాయి. 2022 మార్చిలో ప్రభుత్వం పెండింగ్ చలాన్ల మీద రాయితీ ప్రకటించింది. టూవీలర్లకు, ఆటోలకు 75 శాతం, కార్లకు 50 శాతం. జనం బాగానే కట్టారు. 2023 డిసెంబరు 26 నుంచి మరోసారి. ఈసారి టూవీలర్లకు 80 శాతం, కార్లకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బళ్లకు 90 శాతం. జనవరి 10 దాకా అన్న గడువు పెరుగుతూ ఫిబ్రవరి 15 దాకా సాగింది.

ఖజానా వైపు నుంచి చూస్తే ఇందులో తప్పు పట్టడానికేం లేదు. రాని బాకీ కొంతైనా వచ్చింది. కొవిడ్‌తో చితికిపోయిన ఆటో డ్రైవర్లకు ఊరట కూడా. మరి చలాన్ పడిన వారంలోనే నిజాయతీగా 1,035 కట్టినవాడి సంగతేంటి? అదే చలాన్‌ను ఆగి ఆగి కట్టినవాడు అసలు జరిమానాలో ఐదో వంతుతో బయటపడ్డాడు. చట్టాన్ని గౌరవించినవాడు తెలివి తక్కువవాడైపోయాడు. రెండుసార్లు జరిగితే అది ఆఫర్ కాదు, అలవాటు. మూడోది ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని జనం లెక్కలు వేసుకుంటారు.

ఇటలీకి చెందిన చెజారె బెకారియా 1764లోనే నేరాలు, శిక్షల గురించి రాసిన పుస్తకంలో ఓ సంగతి తేల్చాడు. మనిషిని ఆపేది శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, అది ఎంత కచ్చితంగా, ఎంత త్వరగా పడుతుందన్నది. మన చలాన్ ఈ రెండు పరీక్షల్లోనూ ఫెయిల్. గన్ ఉన్న చోట పడుతుంది, వంద మీటర్లు దాటితే పడదు. పడినా ఎప్పుడో తెలుస్తుంది. తెలిసినా కట్టాల్సిన తొందర లేదు. అలాంటప్పుడు వెయ్యిని రెండు వేలు చేసినా పెండింగ్ లిస్టులో అంకె పెరుగుతుందే గానీ రోడ్డు మీద వేగం తగ్గదు.

ప్లేటు వంచితే ఏమవుతుంది?

ఇక్కడి నుంచి ఉద్యోగార్థులు ఇంకాస్త శ్రద్ధగా చదవాలి. చలాన్ తప్పించుకోవడానికి కుర్రాళ్లు కనిపెట్టిన విద్యలు అందరికీ తెలిసినవే. వెనక ప్లేటు పైకి వంచేయడం, ఒక అంకెకు స్టిక్కర్ అంటించడం, మాస్కు తగిలించడం, పిలియన్ చేత్తో మూయించడం, ప్లేటే పీకేయడం. చూడ్డానికి అల్లరిలా ఉంటుంది. చట్టం దీన్ని అల్లరిగా చూడకపోవచ్చు.

వేగంగా వెళ్లడం రాజీకి వీలున్న తప్పు. జరిమానా కడితే అక్కడితో ఫైలు మూసేస్తారు. మామూలు ఈ-చలాన్‌కు ఎఫ్ఐఆర్ ఉండదు. నంబరు మార్చడం, దాచడం వేరే కథ. అది మోసం చేసే ఉద్దేశం కిందకు వస్తుంది. ప్లేట్లు తారుమారు చేసినవాళ్ల మీద హైదరాబాద్‌లో చీటింగ్ సెక్షన్ కింద కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. అంటే వెయ్యి రూపాయల జరిమానాను క్రిమినల్ కేసుగా మనమే ప్రమోషన్ ఇచ్చి మార్చుకున్నట్టు. మీ దొంగ నంబరు వేరొకరి బండిది అయితే ఆ చలాన్లన్నీ వాళ్లకు పోతాయి. వాళ్లు ఫిర్యాదు చేసిన రోజు సీసీ కెమెరాల్లో వెతికేది మిమ్మల్నే.

పోలీసు, రైల్వే, బ్యాంకు, గ్రూప్స్.. ఏ సర్కారు ఉద్యోగమైనా సెలెక్ట్ అయ్యాక అటెస్టేషన్ ఫారం నింపాలి. మీ మీద కేసులున్నాయా, అరెస్టయ్యారా, కోర్టు శిక్షించిందా అని అందులో అడుగుతారు. స్థానిక స్టేషన్ నుంచి వెరిఫికేషన్ జరుగుతుంది. పాస్‌పోర్టుకూ అంతే. పెద్ద ప్రైవేటు కంపెనీలు కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తున్నాయి.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు గురించి ప్రతి అభ్యర్థీ తెలుసుకోవాలి. ఫారంలో ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, ఏదీ దాచకూడదు అని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. కేసు చాలా చిన్నదైతే, దాచినా క్షమించాలా వద్దా అన్నది ఉద్యోగం ఇచ్చేవాళ్లు పోస్టు స్వభావాన్ని, పరిస్థితులను చూసి నిర్ణయించవచ్చు. అంటే చిన్న కేసు ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోతుందని లేదు. దాచిపెట్టడం మాత్రం మీద పడేదే. కాబట్టి ఫారంలో ప్రశ్నను అక్షరం అక్షరం చదవండి. అడిగినదానికి ఉన్నదున్నట్టు రాయండి. మద్యం తాగి నడిపిన కేసు చలాన్ లాంటిది కాదు, అది కోర్టుకు వెళ్తుంది. దాన్ని ‘ట్రాఫిక్ కేసే కదా’ అని వదిలేయకూడదు.

ఇంకో మాట. వేగం వల్ల ఎవరైనా చనిపోతే అది మోటారు వాహనాల చట్టంతో ఆగదు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత ఐపీసీ 304ఏ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 ప్రకారం అది ఐదేళ్ల దాకా ఉంటుంది.

బ్యాగు మోసేవాడిదే భారమా?

ఉద్యోగం దొరికేదాకా డెలివరీ చేస్తూ ఖర్చులు వెళ్లదీసుకుంటున్న గ్రాడ్యుయేట్లు మన మధ్య చాలామందే ఉన్నారు. వాళ్లకు వేగం సరదా కాదు, ఆదాయం. ఆర్డరుకింత అని లెక్క కట్టినప్పుడు గంటలో ఒక ఆర్డరు ఎక్కువ అందితే ఆ మేరకు జేబులో పడుతుంది. నిమిషాల్లో డెలివరీ అని కస్టమర్‌కు మాటిచ్చింది యాప్. గన్‌కు చిక్కేది రైడర్ ప్లేటు. ఒక్క ఓవర్ స్పీడ్ చలాన్ పడితే ఆ రోజు కష్టంలో పెద్ద ముక్క పోయినట్టే.

స్పీడ్ పెంచమని ఏ కంపెనీ కాగితం మీద రాసివ్వదు. ఇన్సెంటివ్ స్లాబ్ ఆ పని చేస్తుంది. నిజంగా వేగం తగ్గాలంటే రైడర్‌కు చలాన్ రాయడంతో పాటు, ఆ స్లాబులు ఎలా కట్టారో కూడా ఎవరో ఒకరు అడగాలి. బండి జీపీఎస్ డేటా అంతా యాప్ దగ్గరే ఉంటుంది. ఏ రూటులో, ఎంత వేగంతో, ఎన్ని నిమిషాల్లో వెళ్లాడో వాళ్లకు తెలుసు. ట్రాఫిక్ పోలీసుల కంటే ఎక్కువే తెలుసు. ఈ డేటాను రైడర్ రక్షణకు వాడాలన్న డిమాండులో అన్యాయమేం లేదు.

అందాకా ఈ పని చేస్తున్నవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. పది కిలోమీటర్లు 50లో వెళ్తే 12 నిమిషాలు, 60లో వెళ్తే 10 నిమిషాలు. ఎక్కడా ఆగకుండా పోతే మిగిలేది రెండు నిమిషాలు. మన సిటీలో ఒక్క సిగ్నల్ ఆ రెండు నిమిషాలనూ మింగేస్తుంది.

ఆ పది కిలోమీటర్ల తేడా

50కీ 60కీ తేడా ఎంతని? మీటర్‌లో ముల్లు కొద్దిగా జరుగుతుంది, అంతే అనిపిస్తుంది. కానీ గతిశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 50 నుంచి 60కి పోతే శక్తి 44 శాతం పెరుగుతుంది.

ఇంకో లెక్క చేద్దాం. పొడి రోడ్డు, బ్రేకు వేస్తే సెకనుకు సెకనుకు 5 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుందాం. ఎదురుగా ఒక చిన్నపిల్ల రోడ్డు దాటుతోంది. చూసి, బ్రేకు మీద కాలు పడటానికి ఒక సెకను. 50లో ఉన్న బండి మొత్తం 33 మీటర్లలో ఆగిపోతుంది. 60లో ఉన్నదానికి 44 మీటర్లకు పైగా కావాలి. అంటే మొదటి బండి పూర్తిగా ఆగిన చోటుకు వచ్చేసరికి రెండోది ఇంకా గంటకు 38 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. 80లో వచ్చినదైతే అక్కడ దాదాపు 70లో ఉంటుంది. బ్రేకు పట్టడం మొదలైందే అప్పుడు. ఆ పిల్ల ఆ 33వ మీటరు దగ్గర ఉంటే, ఒక బండి పక్కన ఆగి తిడుతుంది, రెండోది గుద్దేస్తుంది.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71.2 శాతం మరణాలకు అతివేగం కారణమని నమోదైంది. చనిపోయినవాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు. మూడింట రెండొంతుల మంది 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసువాళ్లు. ఉద్యోగం వచ్చే వయసు, ఉద్యోగం చేసే వయసు అదే. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఈ 71 శాతాన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి. అది పోలీసులు రాసుకున్న కారణాల లెక్క. గుంత, వెలుతురు లేని మలుపు, బోర్డు లేని స్పీడ్ బ్రేకర్ లాంటివి కూడా ‘అతివేగం’ గడిలో కలిసిపోయే అవకాశం ఉంది. కాబట్టి తప్పంతా నడిపేవాడిదే అనడం సరికాదు. అలాగని 38 కిలోమీటర్ల ఆ లెక్క మారదు. రోడ్డు బాగాలేని చోట నిదానం ఇంకా అవసరం.

అడగాల్సినవి మనకూ ఉన్నాయి

చట్టం మనల్ని అడుగుతోంది సరే, మనం చట్టాన్ని ఏం అడగాలి? కెమెరాలతో పర్యవేక్షణకు 2019 సవరణల్లో సెక్షన్ 136ఏ తెచ్చారు. దానికి అనుబంధంగా 2021 ఆగస్టులో రూల్ 167ఏ వచ్చింది. వేగాన్ని కొలిచే పరికరానికి ఆమోదపత్రం ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. ఇక్కడ కెమెరా ఉందని ముందే హెచ్చరిక బోర్డులు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. చలాన్‌లో ప్లేటు స్పష్టంగా కనిపించే ఫొటో, పరికరం చూపిన కొలత, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ ఉల్లంఘించారో ఉండాలి. చలాన్ తేలేదాకా ఆ రికార్డు భద్రపరచాలి.

ఈ రూలును చాలామంది వాహనదారులు చదవలేదు. చదివితే “చెట్టు చాటున దాక్కుని కొడుతున్నారు” అన్న కోపాన్ని పనికొచ్చే ప్రశ్నగా మార్చుకోవచ్చు. ఇక్కడ లిమిట్ బోర్డు ఎక్కడుంది? హెచ్చరిక బోర్డు ఎక్కడుంది? బోర్డు పెట్టి వేగం తగ్గించడం ప్రాణాల కోసం, దాచిపెట్టి చలాన్ రాయడం వసూళ్ల కోసం అని జనం అనుకుంటారు. ఆ అనుమానం పోగొట్టాల్సిన బాధ్యత అధికారులదే.

అందరికీ ఒకే జరిమానా న్యాయమేనా అన్నది మరో ప్రశ్న. 1,035 రూపాయలు ఒక స్టూడెంట్‌కు నెల పాకెట్ మనీ. లగ్జరీ కారు నడిపేవాడికి ఒక పూట టిఫిన్ ఖర్చు. ఫిన్లాండ్‌లో జరిమానా ఆదాయాన్ని బట్టి ఉంటుంది. 2002లో నోకియా ఉన్నతాధికారి ఆన్సీ వాన్యోకి 50 పరిమితి ఉన్న చోట హార్లీ డేవిడ్‌సన్‌ను 75లో నడిపినందుకు 1,16,000 యూరోల జరిమానా పడింది. ఆదాయం తగ్గిందని అప్పీలు చేసుకున్నాక దాన్ని తగ్గించారు. ఆదాయ లెక్కలు సరిగా దొరకని మన దేశంలో అదే పద్ధతి యథాతథంగా కుదరదు. లైసెన్సుకు ముడిపెట్టిన పాయింట్లు మాత్రం కుదురుతాయి. అందరికీ సమానంగా తగిలేది అదే.

ఇప్పుడు మీరేం చేయాలి?

* నెలకోసారి మీ బండి నంబరును రాష్ట్ర పోలీసుల ఈ-చలాన్ సైటులో గానీ, కేంద్ర పరివాహన్ పోర్టల్‌లో గానీ చూసుకోండి. ఫొటో తెరిచి ప్లేటు, బండి మోడల్, చోటు మీవేనా సరిచూడండి.

* ఫొటోలో ఉన్నది మీ బండి కాకపోతే ఊరుకోకండి. సైటులోనే ఫిర్యాదు పెట్టి, నంబరు పట్టుకోండి. మీ నంబరు ఇంకెవరో వాడుతున్నారంటే అది ఈరోజు చలాన్, రేపు ఏ చైన్ స్నాచింగ్ కేసో కావచ్చు. అప్పుడు మీ దగ్గరున్న ఫిర్యాదు కాపీయే మీకు సాక్ష్యం.

* సెకండ్ హ్యాండ్ బండి కొన్నా, అమ్మినా ఆర్సీలో పేరు మార్పించండి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలని సెక్షన్ 50 చెబుతోంది.

* చలాన్ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తే తెరవకండి. పోలీసులు చలాన్‌ను యాప్ ఫైలుగా పంపరు. అది ఇన్‌స్టాల్ అయితే మీ ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు అవతలివాడి చేతికి వెళ్లిపోతాయి. లింకు వస్తే చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందో లేదో చూడండి. అసలు ఏ లింకూ నొక్కకుండా సైటు పేరు మీరే టైప్ చేసుకోవడం ఇంకా మంచిది.

* లైసెన్సు లేని తమ్ముడికి, చెల్లికి బండి ఇవ్వకండి. మైనర్ నడుపుతూ నేరం చేస్తే సెక్షన్ 199ఏ కింద సంరక్షకుడికి లేదా యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది.

* మెకానికల్, ఆటోమొబైల్ చదివినవాళ్లు అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టుల మీద కన్నేసి ఉంచండి. ఆ ఉద్యోగానికి డ్రైవింగ్ లైసెన్సు కూడా అర్హతే. ప్లేటు చదివే సాఫ్ట్‌వేర్, సిగ్నల్ నియంత్రణ, ట్రాఫిక్ డేటా విశ్లేషణ లాంటి రంగాల్లో కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకూ పని ఉంది. మన నంబరు ప్లేట్ల మీదున్న రకరకాల అక్షరాలను తప్పు లేకుండా చదివించడం ఇప్పటికీ మంచి ప్రాజెక్టు టాపిక్కే.

చివరగా, గ్రూప్ డిస్కషన్లలో, ఇంటర్వ్యూల్లో “రోడ్డు ప్రమాదాలు తగ్గాలంటే ఏం చేయాలి?” అన్నది తరచూ అడిగే ప్రశ్న. పదిమందిలో ఎనిమిది మంది “జరిమానాలు పెంచాలి” అంటారు. మీరు వేరే మాట చెప్పొచ్చు. జరిమానా ఎంతన్నది తర్వాత. ముందు బోర్డు కనిపించాలి, పదిహేను రోజుల్లో నోటీసు రావాలి, బండి నడిపినవాడికే అది తగలాలి, ఒకసారి పడ్డాక సగం ధరకు అమ్ముడుపోకూడదు. ఆ నాలుగూ జరిగితే 1,035 రూపాయలే చాలు.